రేడియం జాకెట్

అమృతమ్మను చంపింది కంపెనీ. గుద్దింది కారు. ఆ కారు నడిపినవాడు కోర్టులో ఏం చెప్పుకున్నాడో, ఏం శిక్ష పడిందో పెంటయ్య పట్టించుకోలేదు. చంపింది మాత్రం చెట్ల పని కాంట్రాక్టు తీసుకున్న కంపెనీయే. ఎయిర్‌పోర్టు రోడ్డు నడుమ డివైడర్ మీద పని చేయించుకుంటూ రేడియం జాకెట్ ఇవ్వలేదు. పనిచేసే చోటికి వెనక, బండ్లు తప్పుకునేందుకు ఎర్ర కోన్లు పెట్టలేదు. ఈ రెండు మాటలూ రెండేళ్లుగా పెంటయ్య అడిగినవాళ్లకు చెప్పాడు. అడగనివాళ్లకూ చెప్పాడు. రెండూ ఒక్క ఊపిరిలో చెప్పేవాడు, ఒక తాడు రెండు కొసల్లాగా.

ఆ శనివారం పొద్దున ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్ల రేకుల షెడ్డులో కూడా చెప్పాలనే కుర్చీలో కూర్చున్నాడు. భద్రతా వారం నడుస్తోంది. బంద్ లేని వారం చూసి మరీ పెట్టారు. వంద మంది దాకా డ్రైవర్లు ఉన్నారు. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. మిగతా సగం తమ బండి నంబరు ఎప్పుడు పిలుస్తారా అని బయటికి చెవులు పెట్టారు.

వేదిక వెనక ఫ్లెక్సీ కట్టారు. దాని మీద అమృతమ్మ ముఖం. రేషన్ కార్డు ఫొటో పెద్దది చేస్తే ముఖం కొంచెం చెదిరింది. ఎడమ కన్ను పక్కన మచ్చ రంగు పొడలా పరుచుకుంది. ఫొటో కింద రెండు వరుసల రాత. పెంటయ్య ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. నమ్మలేక ఇంకోసారి చదివాడు.

'ఆ రోజు జాకెట్ వేసుకుని ఉంటే... అమృతమ్మ ఈ రోజు మన మధ్య ఉండేది.'

"మేడం," అన్నాడు, మైకు వైరు సరిచేస్తున్న పూర్ణిమతో. "ఇది ఎవ్వలు రాసిన్రు?"

"మా ఆఫీసులో రాశారండీ. బాగా లేదా?"

పూర్ణిమది గోదావరి వైపు మాట. ప్రమాదాల్లో బతికి బయటపడ్డవాళ్లను వెతికి, బడులకూ ఫ్యాక్టరీలకూ తీసుకెళ్లి మాట్లాడించే ఒక సంస్థలో ఆమెది ఉద్యోగం. పెంటయ్యను కిందటి నెల కాటేదాన్‌లో ఇనుప సామాను చేసే షెడ్డుకు తీసుకెళ్లింది. మంచి పిల్ల. కారులో ఎక్కేటప్పుడు ఆయన కుంటికాలు లోపలికి పెట్టుకునే దాకా తలుపు పట్టుకుని నిలబడేది.

"ఏసుకుని ఉంటే అంటే ఏంది? ఉన్నదాన్ని ఏసుకోలేదనా? ఇయ్యందాన్ని ఎట్ల ఏసుకుంటది?"

"అలా కాదండీ పెంటయ్య గారూ. చూసేవాళ్లకు ఒక్క ముక్కలో అర్థం కావాలి కదా."

"అర్థమైతుంది. తప్పు దానిదని అర్థమైతుంది."

అంతలో మైకులో ఆయన పేరు పిలిచారు.

మూడు నిమిషాలు. ఏం జరిగింది, ఏం పోయింది, వినేవాళ్లు ఏం చేయాలి. ఆ వరుస పూర్ణిమే నేర్పింది. ఎవరినీ నిందించకూడదు, నింద వినిపిస్తే జనం మనసు పెట్టరు అని కూడా నేర్పింది. పెంటయ్య మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు, పార కామ పట్టుకున్నట్టు.

"నా పేరు పెంటయ్య. మాది మామిడిపల్లి. నేను, నా పెండ్లాం అమృతమ్మ ఇద్దరం గీ రోడ్డు మీదనే చెట్ల పని చేస్తుంటిమి. గా దినం మంగళారం. పొద్దుగాల ఆరున్నర. నేను కాయితంపూల చెట్లు కత్తిరిస్తున్న. కొమ్మలు కిందికి, రోడ్డు దిక్కు పడుతున్నయ్. గవి ఏరి సంచిల ఏస్తందుకు అది డివైడర్ దిగింది. ఒంగి ఉంది. నేను చూస్తనే ఉన్న. మలుపు కాడికెళ్లి కారొచ్చింది. నేను దాని దిక్కు ఉరికిన. గంతే. దవాఖానల కండ్లు తెరిస్తే శుక్రారం. నా కాల్ల ఇనుప కడ్డీ ఉంది. అది లేదు. దాని దహనం గూడ అయిపోయింది. నేను చూడలే."

ఫోన్లు కిందికి దిగాయి. వెనక వరుసలో ఒక కుర్ర డ్రైవర్ మాత్రం, "తాతా, మా బండి గంటకు అరవై దాటితే డోరే ఊడొస్తది, పరేషాన్ కాకు!" అన్నాడు. నలుగురు నవ్వారు. పక్కవాడు వాడి తల మీద మొట్టాడు.

పెంటయ్య నవ్వలేదు. "నాకు చెప్పేది ఇంకోటి ఉంది. కంపెనోళ్లు జాకెట్ ఇయ్యలే. ఎనక కోన్లు..."

ముందు వరుసలో కూర్చున్న కంపెనీ సూపర్‌వైజర్ రాఘవేందర్ చప్పట్లు మొదలుపెట్టాడు. పెద్ద అరచేతులు. ఒకడు కొడితే వంద మంది కొడతారు. మాట అయిపోయిందనుకుని డ్రైవర్లందరూ లేచి నిలబడి కొట్టారు. ఆ చప్పుడులో మిగిలిన మాట పెంటయ్యకే వినిపించలేదు.

షెడ్డు బయట చాయ్ దగ్గర రాఘవేందర్ పట్టుకున్నాడు.

"పెద్దమనిషీ, ఎన్నిసార్లు చెప్పాలె నీకు? సోమారం సాయంత్రమే ఎనిమిది జాకెట్లు పంచినం. రిజిస్టర్ల నీ పెండ్లాం వేలిముద్ర ఉన్నది. వచ్చి చూడు."

"చూడ. అది సచ్చినంక పెట్టిచ్చిన్రు ముద్ర."

"సచ్చిన మనిషి వేలు మేం యాడికెళ్లి తెస్తమే?"

"ఎవ్వల వేలైనా వేలే."

రాఘవేందర్ చాయ్ కప్పు నలిపి పారేశాడు. "నీతోని మాట్లాడుడు, గోడకు సున్నమేసుడు ఒక్కటే," అని బండెక్కి పోయాడు.

పూర్ణిమ ఇదంతా వింటూ నిలబడింది. ఆమెకు ఏది నిజమో తెలియదు. ఆ సంగతి ఆమె ముఖం మీదే కనబడుతోంది. చాయ్ కప్పు పక్కన పెట్టి అంది: "పెంటయ్య గారూ, మంగళవారం ఆఖరి రోజు. శంషాబాద్ ఫంక్షన్ హాల్లో మీ తోటపని వాళ్లందరూ వస్తారు. కంపెనీ పెద్దవాళ్లూ వస్తారు. ఆ రోజు మీ మాటలు మీరే చెప్పండి. నేను ఆపను. ఎవరినీ ఆపనివ్వను."

"ఫ్లెక్సీ?"

"జాకెట్ ఇవ్వలేదని ఆ రోజు అక్కడ పనిచేసినవాళ్లు ఇంకొక్కరు చెప్పినా చాలండీ. నేనే దగ్గరుండి ఆ వాక్యం తీయిస్తాను."

పెంటయ్య రేకుల షెడ్డులోకి తిరిగి చూశాడు. ఇద్దరు పనివాళ్లు ఫ్లెక్సీ చుడుతున్నారు. అమృతమ్మ నుదురు దగ్గరి నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరికి ఆ రెండు వరుసల రాతే బయట మిగిలింది.

ఇంకొక్కరు. ఆ రోజు పక్కనే పనిచేసిన సక్కుబాయి ఉంది. సక్కుబాయి చెబుతుంది.

*

సోమవారం పొద్దున డివైడర్ మీద పాదులు తీసే పని. గన్నేరు మొక్కల మొదళ్ల చుట్టూ మట్టి గట్టిపడింది. ట్యాంకర్ నీళ్లు పోస్తే లోపలికి ఇంకకుండా రోడ్డు మీదికి పోతున్నాయి. పెంటయ్య కుంటికాలు చాపుకుని కింద కూర్చుని, కుర్పితో ఒక్కొక్క పాదు గుల్ల చేస్తున్నాడు. వేరు తెగకుండా, గరక వేళ్లు మాత్రం పట్టి లాగడం ఆయనకు చేతనైన పని. ఒకప్పుడు ఈ చేతులే జొన్న చేలో కలుపు తీశాయి. ఇప్పుడు ఈ రోడ్డు మీద ఎవరూ కోసి దేవుడికి పెట్టని, ఏ ఆడపిల్లా తలలో తురమని పూలకు సేవ చేస్తున్నాయి.

సక్కుబాయి వెనక నుంచి గరక గంపకెత్తుతూ వస్తోంది. ఆమె ఒంటి మీది జాకెట్ ఎండకు వెలిసి, రేడియం పట్టీలు అంచుల దగ్గర చిట్లాయి. అమృతమ్మను వదినా అని పిలిచేది. ఇద్దరూ ఒక్క డబ్బాలో సద్ది తినేవాళ్లు.

"సక్కూ, రేపు మీటింగుల నిన్ను లేపుత," అన్నాడు పెంటయ్య, తల ఎత్తకుండా.

"నన్నెందుకన్నా?"

"జాకెట్లు ఇయ్యలేదని చెప్పు. గంతే. ఒక్క మాట. వదిన ముఖం కింద తప్పు రాత రాసిన్రు. నువ్వు చెప్తే తీసేస్తరు."

సక్కుబాయి గంప కింద పెట్టింది. దులిపిన చేతులే మళ్లీ దులుపుకుంది. ఒక విమానం తల మీదుగా దిగింది. అది రన్‌వే దాకా పోయి చప్పుడు తగ్గేవరకూ ఇద్దరూ ఆగారు. ఆ రోడ్డు మీద పనిచేసేవాళ్లకు మాట మధ్యలో ఆగడం అలవాటు. కానీ చప్పుడు పోయాక కూడా ఆమె గంపలోని గరకనే సర్దుతోంది.

"ఏందే? రాఘవేందర్ పని తీసేస్తడని భయమా?"

"భయం కాదన్నా."

"మరేంది?"

"నువ్వు ఎరుకుండే చెప్తున్నవనుకున్న ఇన్ని దినాలు."

"ఏం ఎరుకుండి?"

సక్కుబాయి ఆయన ఎదురుగా గొంతుకూర్చుంది. ఎండ ఆమె కళ్లలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"జాకెట్లు ఇచ్చిన్రన్నా."

పెంటయ్య కుర్పి ఆగింది.

"సోమారం సాయంత్రం, పని దిగినంక గేటు కాడ పంచిన్రు. డబ్బ పగలగొట్టి కొత్తవి. ఎనిమిది మందిమి వేలిముద్రలేసినం. నువ్వైతే సంతకమే పెట్టినవ్. 'నాది నాలుగో తరగతి, నేను వేలు ముంచ' అని రాఘవేందర్ సారుతోని గొడవ పెట్టుకున్నవ్. వదిన నవ్వింది."

"అబద్ధం."

"వదిన మీద ఒట్టు."

"మరి పొద్దుగాల దాని ఒంటి మీద లేదు గదా! నీ ఒంటి మీదుండెనా?"

"లేదు. నేను గూడ తొడగలే. ఎనిమిది మందిల ఎవ్వలం తొడగలే." సక్కుబాయి గొంతు తగ్గించింది. "మంగళారం గదన్నా. కొత్త బట్ట ఎవ్వలు తొడుగుతరు? ట్రాలీల ఎక్కినంక నేనే అడిగిన, వదినా నువ్వు గూడ తొడగలేదా అని. 'మీ అన్న వద్దన్నడే, మంగళారం కొత్తది ఒంటి మీదెయ్యొద్దంట, రేపు తొడుక్కుంట' అన్నది."

"నేనన్ననా?"

"ఆమె అన్నదన్నా. నువ్వన్నవో లేదో నాకేమెర్క?"

పెంటయ్య మట్టి వైపు చూశాడు. ఆ సోమవారం సాయంత్రం ఆయన తలలో లేదు. వెతికాడు. పొద్దున బావి దగ్గర కాళ్లు కడుక్కోవడం ఉంది. మధ్యాహ్నం చుక్కకూర పప్పు ఉంది. ఆ తర్వాత మలుపు, కారు, దవాఖాన పైకప్పు మీద తిరిగే ఫ్యాను. నడుమ ఏమీ లేదు. దెబ్బకు ముందరి ముచ్చట్లు ఒక్కోసారి పోతాయని అప్పుడు డాక్టరే చెప్పాడు. పోతే పోయింది, పీడ వదిలింది అనుకున్నాడు. ఆమె ఒంటి మీద జాకెట్ లేదు, అందుకని ఇవ్వలేదు. ఇందులో గుర్తుండాల్సింది ఏముంది? రెండేళ్లు దాని మీదే నిలబడ్డాడు.

"బుధారం నాడు మిగిలిన ఆరుగురం తొడిగినం," అంది సక్కుబాయి.

"అంటే కంపెనీ తప్పు లేదా?"

"ఎందుకు లేదు? కోన్లు పెట్టకపోవుడు నిజమే గదా. ట్యాంకర్ ఎనక కట్టలెక్క పడి ఉండె. దించుడు ఎవ్వలికి బరువైందో దేవునికెర్క. గది నిజం. కాని అన్నా," ఆమె లేచి గంప ఎత్తుకుంది, "జాకెట్ ముచ్చట అబద్ధమని తేలితే, కోన్ల ముచ్చట ఎవ్వలు నమ్ముతరు?"

ఆమె వెళ్లిపోయింది. పెంటయ్య పాదు పూర్తి చేయాలని కుర్పి దించాడు. గన్నేరు తల్లివేరు తెగింది. తెల్లటి పాలు కారాయి. తెగిన వేరును చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన చేతిలో వేరు తెగడం అదే మొదలు.

*

ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దుంది. పడమటి కిటికీలోంచి ఎండ దేవుని గూటి మీద పడుతోంది. గూటికి అడ్డంగా పాత తువ్వాల మేకులు కొట్టి ఉంది. అమృతమ్మ దినాలు అయిన రోజు ఆయనే కొట్టాడు. నాలుగు మేకులు, నాలుగు దెబ్బలు. నీకు ఇగ దీపం లేదు, ఊదుబత్తి లేదు అని దేవుడికి చెప్పినట్టు. చుట్టాలు వద్దన్నారు. ఆయన వినలేదు. అమృతమ్మ చీరలన్నీ చాకలికి ఇచ్చేశారు. సందుగ ఖాళీ అయింది. ఇంట్లో ఎవరూ చూడని చోటు ఈ గూడు ఒక్కటే.

కొత్త బట్ట ఇంటికొస్తే అమృతమ్మ ముందు దేవుని గూట్లో పెట్టేది. పసుపు పెట్టి, మంచి రోజు చూసి తీసేది. ఆయనకు కొన్న అంగీ అయినా అంతే. ఇది తెలిసి కూడా ఆయన పొద్దటి నుంచి గూటి గురించి ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

మేకులు తుప్పు పట్టాయి. కుర్పి మొన పెట్టి లేపాడు. తువ్వాల ఊడి వచ్చింది. దుమ్ము, సాలెగూడు, ఎండి నల్లబడిన బంతిపూలు, కుంకుమ భరిణె. పటం వెనక ప్లాస్టిక్ కవరు.

ఒకటి కాదు. రెండు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి విప్పాడు. ఎండ తగలగానే వెండి పట్టీలు భగ్గుమన్నాయి. కొత్తవి. మడతలు కూడా పోలేదు. ఒకదాని మెడ లోపలి అంచున పసుపు. బొటనవేలంత. రెండోదానికీ అంతే. ఇద్దరికీ పెట్టింది.

తిప్పి తిప్పి చూశాడు. రెండూ ఒకే కొలత, ఒకే రంగు. పేరు లేదు, నంబరు లేదు. ఏది ఆమెదో ఏది తనదో తెలియలేదు.

పసుపు పెట్టింది ఆమె. ఇంట్లో ఆ పని ఎప్పుడూ ఆమెదే. మరి వద్దన్నది ఎవరు? తానే అని ఉంటాడా? అని ఉంటాడు. మంగళవారం గోరు తీసుకుంటే కసిరేది ఆయనే. శుక్రవారం ఇల్లు దులిపితే ఒప్పుకోనిదీ ఆయనే. ఆయన తల్లి అట్లా పెంచింది. కాకపోతే అమృతమ్మకూ ఒక అలవాటు ఉంది. తనకు ఇష్టం లేని పనికి మొగుని పేరు అడ్డం పెట్టేది. 'మా ఆయన ఒద్దన్నడక్కా' అని ఎన్ని పెళ్లిళ్లకు పోకుండా తప్పించుకుందో! అట్లాంటిదేనా ఇది కూడా?

అడుగుదామంటే మనిషి లేదు.

అన్నం వండుకోలేదు. రెండు జాకెట్లూ ముందేసుకుని, ఇది ఆమెది, కాదు ఇది, అని పొద్దు గూకే దాకా మార్చి మార్చి చూశాడు.

*

మంగళవారం ఫంక్షన్ హాలు నిండింది. రెండు వందల మంది తోటపని వాళ్లు. ఎక్కువ మంది ఆడవాళ్లే. మంఖాల్ నుంచి కూడా ట్రాలీల్లో వచ్చారు. గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ కొత్త జాకెట్ కవరు చేతిలో పెట్టి లోపలికి పంపారు. పెంటయ్య వేదిక మీది కుర్చీలోంచి చూశాడు. రెండు వందల ఒళ్లలో రెండు వందల కవర్లు. ఒక్కరూ విప్పలేదు. అందరూ వాటి మీద చేతులు వేసుకుని బుద్ధిగా కూర్చున్నారు. మూడో వరుసలో సక్కుబాయి, వెలిసిన పాత జాకెట్‌తో, కొత్త కవరు ఒళ్లో పెట్టుకుని ఉంది.

ఆయన వెనక అదే ఫ్లెక్సీ. అదే రాత.

"ఇవాళ మీ ఇష్టమండీ," అంది పూర్ణిమ చెవి దగ్గర. "సాక్షి దొరికారా?"

పెంటయ్య కాళ్ల దగ్గరున్న బియ్యం సంచి వైపు చూశాడు. "దొరికింది," అన్నాడు.

కంపెనీ పెద్దసారు పట్నం నుంచి వచ్చాడు. ఆయన పక్కన రాఘవేందర్ కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎప్పుడైనా లేచి చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా. పెంటయ్య మైకు దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి సంచిలోంచి జాకెట్ తీశాడు. పైకెత్తాడు. ట్యూబులైట్ల కింద పట్టీలు మెరిశాయి.

"ఇది అమృతమ్మది," అన్నాడు. "కావచ్చు. నాదైనా కావచ్చు. రెండు ఒక్కతీరుగ ఉన్నయ్."

హాల్లో ఎవరో దగ్గారు.

"కంపెనీ ఇయ్యలేదని రెండేండ్లు చెప్పిన. అందరికి చెప్పిన. మీకు గూడ చెప్పిన. ఇచ్చిన్రంట. సోమారం సాయంత్రం ఇచ్చిన్రు. నా ఇంట్ల, దేవుని గూట్ల దొరికింది. పసుపు పెట్టి ఉంది. మంగళారమని తొడగలే." ఆగాడు. మైకు కుయ్‌మంది. "నేనే వద్దన్ననంట. నాకు యాదికి లేదు. అన్ననో, అనలేదో. అని ఉంట. నేను గట్లనే అంట. ఒక్క దినం ఆగితే ఏమైతది అని ఉంట. ఒక్క దినమే గదా."

రాఘవేందర్ చేతులు మోకాళ్ల మీదే ఉండిపోయాయి. పెంటయ్యకు రెండో మాట ఉంది. పొద్దున బావి దగ్గర, బస్సులో, మెట్ల మీద పదిసార్లు అనుకుంటూ వచ్చాడు. దించని కోన్లు. అది నిజం. దాన్ని అబద్ధం అనగలిగేవాడు లేడు. ఊపిరి తీసుకున్నాడు.

"ఇంకోటి. గా దినం కోన్లు..."

చర్రుమని చప్పుడైంది. మూడో వరుసలో సక్కుబాయి కవరు చింపింది. లేచి నిలబడి, పాత జాకెట్ తీసి కుర్చీ మీద వేసి, కొత్తది తొడుక్కుంది. ఆమె పక్కనామె చూసింది. ఆమె కూడా చింపింది. ఆ వెనకామె చింపింది. వాన కొట్టుకొచ్చినట్టు హాలంతా కవర్ల చప్పుడు. పాతికేళ్ల పిల్లలూ అరవై ఏళ్ల ముసలమ్మలూ చీరల మీద, చొక్కాల మీద తొడుక్కుంటున్నారు. గుండీలు పట్టక ఒకరికొకరు సాయపడుతున్నారు. రెండు వందల పట్టీలు ఒక్కసారి మెరిసేసరికి పెంటయ్య కళ్లు మూసుకున్నాడు. తర్వాత చప్పట్లు. ఈసారి రాఘవేందర్ మొదలుపెట్టలేదు. వాళ్లంతట వాళ్లే కొట్టారు. కొందరు ఏడుస్తూ కొట్టారు.

"కోన్లు పెట్టలే," అన్నాడు పెంటయ్య. పెదాలు కదలడం ముందు వరుసకు కనబడి ఉంటుంది.

పెద్దసారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి మైకు తీసుకున్నాడు. "చూశారా! ఒక్క మూఢనమ్మకం ఎంత పని చేసిందో! ఈ పెద్దాయన గుండె నిబ్బరానికి దండం పెట్టాలి."

"సారూ, నాకింకో ముచ్చటుంది."

"చాలు పెద్దాయనా. ఇంతకన్నా చెప్పాల్సింది ఏముంటుంది?"

మెట్లు దిగుతుంటే రాఘవేందర్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దమనిషీ, ఇయ్యాల మంచిగ చెప్పినవ్. కంపెనీ మీద మాట పడకుంట చేసినవ్. నేను నిన్ను తప్పు పట్టిన ఇన్ని దినాలు." పట్టు వెచ్చగా ఉంది. నిజంగానే సంతోషించాడు. పెంటయ్య చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు.

పూర్ణిమ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "పెంటయ్య గారూ, నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చెప్పగానే జనం అక్కడికక్కడే మారడం నేనెప్పుడూ చూడలేదండీ. దీన్ని వీడియో తీద్దాం. ప్రతి సైటులో, ప్రతి కొత్త బ్యాచికీ చూపిద్దాం."

"ఫ్లెక్సీ మీది రాత?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. చదివింది. తడబడింది. "అది... ఇప్పుడు సరిగ్గానే ఉంది కదండీ?"

పెంటయ్య కూడా చదివాడు. ఆ రోజు జాకెట్ వేసుకుని ఉంటే. ఒక్క అక్షరం మారలేదు. శనివారం అబద్ధం, ఇవాళ నిజం.

"వీడియోల కోన్ల ముచ్చట పెడ్తవా బిడ్డా?"

"కోన్లా?" పూర్ణిమ ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒక కథలో ఒక్క విషయమే ఉండాలండీ. రెండు చెబితే రెండూ గుర్తుండవు. జాకెట్ కథ అందరి మనసుకూ పట్టింది. అదే ఉండనిద్దాం. రేపు పొద్దున సైటుకే వస్తాను, కెమెరాతో."

పెంటయ్య బియ్యం సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

*

బుధవారం పొద్దున ట్రాలీ దిగిన ఆడవాళ్లందరూ కొత్త జాకెట్లలో ఉన్నారు. మంచు ఇంకా విడవలేదు. రోడ్డు ఆ కొస నుంచి చూసినా ఒక్కొక్క మనిషి దీపంలా కనబడుతోంది. పెంటయ్య కూడా తొడుక్కున్నాడు. రెండింట్లో చేతికి అందింది వేసుకున్నాడు. మెడ వెనక పసుపు మరక చర్మానికి గరుకుగా తగులుతోంది.

ట్యాంకర్ వచ్చి ఆగింది. డ్రైవర్ సత్తయ్య పైపు దించి బీడీ ముట్టించాడు. ట్యాంకర్ వెనక, ఇనుప కమ్మీల మధ్య, కోన్లు ఒకదాంట్లో ఒకటి దూర్చిపెట్టి ఉన్నాయి. తాడు కట్టి ఉంది. తాడు మీద దుమ్ము పేరుకుంది.

పెంటయ్య ముడి విప్పడానికి చూశాడు. బిగుసుకుపోయింది. కుర్పితో కోశాడు. నాలుగు కోన్లు చంకన పెట్టుకుని, వచ్చే బండ్లకు ఎదురుగా, డివైడర్ వెంబడి కుంటుకుంటూ నడిచాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ మలుపు దాకా పోయాడు. మొదటిది అక్కడ పెట్టాడు. పది అడుగులు వెనక్కి వచ్చి రెండోది. కార్లు హారన్ కొడుతూ పక్క వరుసలోకి తప్పుకుని పోయాయి.

"ఎందుకన్నా గంత తక్లీఫ్?" అని అరిచాడు సత్తయ్య. "ఇప్పుడు అందరికి జాకెట్లున్నయ్ గదా!"

పెంటయ్య నాలుగోది పెట్టి, అది వంకర పోయిందని సరిచేసి, వచ్చి తన పాదు దగ్గర కూర్చున్నాడు. మొన్న వేరు తెగిన గన్నేరు తల వేలాడేసింది. దాని చుట్టూ మట్టి ఎగదోశాడు. బతుకుతుందో లేదో తెలియదు. నీళ్లు మాత్రం పోశాడు.

తెల్ల కారు వచ్చి కోన్ల ఇవతల ఆగింది. పూర్ణిమ దిగింది. వెనక ఒకతను కెమెరా మోసుకుంటూ దిగాడు. ఆమె కోన్లను చూసి, "బాగున్నాయండీ, వెనకాల రంగు బాగా వస్తుంది," అంది. తర్వాత ఆయన పక్కన కూర్చుని, మెడ దగ్గర జాకెట్ అంచు మెల్లగా తిప్పి, పసుపు మరక కనబడేలా సరిచేసింది.

"ఇక్కడి నుంచే మొదలుపెడదాం పెంటయ్య గారూ. ఈ పసుపు దగ్గర నుంచి. నిన్న ఎలా చెప్పారో అలాగే."

పెంటయ్య ఆమె తిప్పిన అంచును మళ్లీ లోపలికి మడిచాడు. సక్కుబాయి గంప పట్టుకుని దూరంగా ఆగిపోయింది.

"నేనన్ననో అనలేదో నాకే ఎర్క లేదు బిడ్డా. ఎర్క లేని ముచ్చట ఊరూరు తిరిగి చెప్పిన. ఎర్క ఉన్నది ఒక్కటి చెప్పబోతే ఎవ్వలు ఇనలే."

"వింటామండీ. ఇప్పుడు చెప్పండి. అది కూడా చెప్పండి."

ఆమె కెమెరా అతనికి సైగ చేసింది. ఎర్రదీపం వెలిగింది. పెంటయ్య దాన్ని చూశాడు. మలుపు దగ్గర నిలబెట్టిన కోన్లను చూశాడు. ఒక విమానం దిగింది. ముగ్గురూ ఆగారు. చప్పుడు మెల్లగా పోయింది.

"అయిపోయింది," అన్నాడు కుర్పి చేతిలోకి తీసుకుంటూ. "కోన్లు ఇగ చెప్పుడు కాదు, పెట్టుడే. జాకెట్ ముచ్చట గాని, అమృతమ్మ ముచ్చట గాని, ఇగ నా నోట రాదు. నీకు చెప్ప. సక్కుకు చెప్ప. ఎవ్వలికి చెప్ప. జర పక్కకు జరుగు, నీళ్లు పారాలె."